నేల ఇచ్చే ఆసరా

పోలియో సోకిన కాలితో నడిచేవారిని మీరు చూసే వుంటారు. కొందరు అడుగు వేసిన ప్రతిసారీ ఒక చేతిని తొడమీద ఆనించి నొక్కుతారు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ చెయ్యి తీస్తే మోకాలు మడతపడి వారు పడిపోతారు.

మోకాలిని వంగకుండా నిలిపేవి తొడ ముందు భాగంలోని కండరాలు. పోలియో వైరస్ వెన్నుపాములోని నాడీకణాలను నాశనం చేస్తుంది. ఆజ్ఞలు అందని కండరాలు సన్నబడి బలహీనమవుతాయి. మరి అప్పుడు మోకాలిని నిలబెట్టేదెలా?

ఒక చిన్న ప్రయోగం

లేచి నిలబడండి. మోకాళ్ళు కొద్దిగా వంచి, తొడ ముందు భాగాన్ని తాకి చూడండి. గట్టిగా వుంటుంది. ఇప్పుడు నిటారుగా, తేలికగా నిలబడి మోకాలిచిప్పను వేళ్ళతో అటూ ఇటూ కదపండి. సులువుగా కదులుతుంది! అంటే తొడ కండరం ఇప్పుడు దాదాపు విశ్రాంతిగా వుందన్నమాట. అయినా మీరు పడిపోలేదు. కారణమేమిటి?

న్యూటన్ మూడవ నియమం గుర్తు చేసుకోండి. మీరు నేలను ఎంత బలంతో నొక్కుతారో, నేల మిమ్మల్ని అంతే బలంతో పైకి నెడుతుంది. ఆ బలరేఖ మోకాలికి వెనుకగా పోతే మోకాలు వంగుతుంది. ముందుగా పోతే నిటారవుతుంది.

మూడు కిలోల నుంచి మూడు వందల గ్రాములకు

పూర్వం ఇలాంటి పిల్లలకు లోహపు కడ్డీలు, తోలుపట్టీలు గల కాలిపర్లు తొడిగేవారు. 1990వ దశకంలో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యులు, రక్షణ పరిశోధన శాస్త్రజ్ఞులు కలిసి తేలికైన కాలిపర్ తయారుచేశారు. క్షిపణుల కోసం రూపొందించిన తేలిక పదార్థాన్ని ఒక వైద్యుడు చేతిలోకి తీసుకుని చూడడంతో ఈ ఆలోచన మొదలైందని అబ్దుల్ కలాం తన ప్రసంగాలలో చెప్పేవారు. పాతది 3 కిలోలకు పైగా, కొత్తది 300 గ్రాములు!

ఇది పాదాన్ని, చీలమండను కదలకుండా పట్టి వుంచి, ముంగాలి మీదుగా మోకాలి కిందివరకు వస్తుంది. పాదం నేలను నొక్కినప్పుడు చీలమండ వంగదు. నేల ప్రతిచర్య మోకాలికి ముందుగా పోతుంది. ముందున్న రేకు ముంగాలిని వెనక్కి నెడుతుంది. మోకాలు నిటారవుతుంది. కాలు ఎత్తగానే మోకాలు మళ్ళీ స్వేచ్ఛగా వంగుతుంది.

లెక్క వేద్దాం. అంగలకుదురు నుంచి తెనాలి వైపు ఒక విద్యార్థి 1,000 అడుగులు వేస్తే, ఆ కాలిని 500 సార్లు ఎత్తాలి. ఎత్తిన బరువులన్నీ కూడితే పాత కాలిపర్‌తో 1,500 కిలోలు, అంటే 75 కిలోల వడ్ల బస్తాలు 20. కొత్తదానితో 2 బస్తాలే!

అందరికీ ఒకటే కాదు

మోకాలు పూర్తిగా చాపగలిగినవారికే ఇది పనికి వస్తుంది. వైద్యుడు పరీక్షించి, కొలత తీసుకుని చేయించాలి. ఎదిగే పిల్లలకు కొలత మారుతూ వుంటుంది. ఒకరిది మరొకరు తొడగరాదు.

2011 జనవరి తరువాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు నమోదు కాలేదు. అంతకుముందు దాని బారిన పడినవారు మాత్రం మన మధ్యనే నడుస్తున్నారు. ఇతర కారణాలవల్ల కాళ్ళు బలహీనమైన పిల్లలూ వున్నారు. కాలిపర్ తొడిగిన తోటి విద్యార్థి కనిపిస్తే వింతగా చూడకండి. అది కండరానికి కొత్త బలమేమీ ఇవ్వదు. నేల ఇచ్చే బలాన్ని సరైన దారిన నడిపిస్తుంది, అంతే.