చీటీ మీద పేరు

సమస్య:
అమ్మా! పెళ్లయి నాలుగేళ్లయింది. పిల్లల్లేరు. స్కానింగులు, హార్మోన్ల పరీక్షలు, ట్యూబుల పరీక్ష అన్నీ నాకే చేయించారు. ఏ లోపమూ లేదన్నారు. మా వారికి మర్మాంగం మీద పులిపిర్లు వస్తుంటాయి. వైరస్ వల్లేనని డాక్టరు చెప్పారట. మందుల చీటీ మాత్రం నా పేరున రాయించుకొచ్చారు. మా ఆడపడుచు అది చదివి అత్తయ్యకు చెప్పింది. ‘ఈ రోగంతోనే దీనికి కడుపు పండట్లేదు’ అని ఆవిడ చుట్టాలందరి దగ్గరా అంటున్నారు. ఆయన పక్కనే ఉండి కూడా నోరు విప్పలేదు. వీర్య పరీక్ష మాటెత్తితే ‘నా మగతనాన్నే శంకిస్తావా’ అని కేకలేస్తారు. పిల్లలు పుట్టకపోవడానికి ఆ వైరసే కారణమా? నేనేం చేయాలి?
– ఓ సోదరి, సూర్యాపేట

సలహా:
జబ్బు తనది, పేరు నీది! ఆ చీటీ సంగతి చదివాక నాకు ఒళ్లు మండిందమ్మా.

ముందు నీ ప్రశ్నకు జవాబు. అలాంటి పులిపిర్లకు కారణం హెచ్‌పీవీ అనే వైరస్. కొందరు మగవాళ్లలో ఇది వీర్యకణాలకు అంటుకుని, వాటి కదలికను మందగింపజేస్తుందని పరిశోధనల్లో కనిపించింది. అలాగని ఇది సోకినవాళ్లందరికీ పిల్లలు పుట్టరని కాదు. మామూలు వీర్య పరీక్షలో వైరస్ కనబడదు. కణాల సంఖ్య, కదలిక తెలుస్తాయి. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి నమూనా ఇస్తే చాలు. కోతా లేదు, మత్తూ లేదు. ఫలితం తేడాగా ఉంటే మళ్లీ చేస్తారు. ఇద్దరూ హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్ పరీక్షలు కూడా చేయించుకోండి. నువ్వు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకో. హెచ్‌పీవీలో పులిపిర్లు తెచ్చే రకాలు వేరు, క్యాన్సర్ తెచ్చే రకాలు వేరు. కానీ రెండూ కలిసి సోకవచ్చు. ఈ వైరస్ ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు. కాబట్టి ఇది ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందన్న తగవులోకి దిగకు.

ఇక అసలు సంగతి. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో లోపం పూర్తిగానో కొంతో మగవాడి వైపే ఉంటుంది. అయినా మన ఇళ్లలో పెళ్లయిన ఏడాదికల్లా అందరి చూపూ కోడలి పొట్ట మీదే. సూదులు ఆమెకు, ఉపవాసాలు ఆమెకు, గొడ్రాలన్న మాటా ఆమెకే. కొడుకును ఒక్కసారి ల్యాబుకు పంపమంటే వంశం పరువు పోయినట్టు గోల! వీర్యకణాల లెక్కకూ మగతనానికీ ఏ సంబంధమూ లేదు. భార్య పేరు చాటున దాక్కుని, ఆమె మాటలు పడుతుంటే చూస్తూ కూర్చోవడం మాత్రం ముమ్మాటికీ పిరికితనమే. కోడలి పరీక్షల కాగితాలన్నీ తిరగేసే అత్తగార్లు కొడుకు కాగితం ఏదని కూడా అడగాలి.

చుట్టాల ముందు పడిన నింద చుట్టాల ముందే పోవాలి. ఆ మందు తనదేనని వాళ్ల అమ్మకు ఆయన నోటితోనే చెప్పించు. చెప్పకపోతే నువ్వే చెప్పు, తప్పేం లేదు. ఆయన పరీక్ష ఫలితం వచ్చేదాకా పిల్లల కోసమంటూ ఇంకో సూదికి నువ్వు ఒప్పుకోకు.