బాలింతకు పాలు పడాలంటే వైద్యుడు చేయవలసినదేమిటి?

చాలా ఏళ్ల క్రితం ఒక పెద్దావిడ, పదకొండు రోజుల బాలింత అయిన తన కూతురిని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చారు. "అమ్మాయికి పాలు చాలడం లేదండీ, పిల్లిపీచర చూర్ణం వ్రాసి ఇవ్వండి" అన్నారు. ఆపరేషన్ కాన్పు. "తల్లికి పాలు లేవు" అంటూ మొదటి రాత్రే బిడ్డకు డబ్బాపాలు పట్టారట. నేను నాడి చూచి, చూర్ణమూ పథ్యమూ వ్రాసి పంపాను. బిడ్డ పాలు త్రాగే తీరు చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. మగ వైద్యులకు సహజమైన సంకోచం కూడా అందుకు కొంత కారణం.

వారం గడిచేసరికి ఆ తల్లి చనుమొనలు పగిలాయి, డబ్బా పెరిగింది, పాలు ఇంకా తగ్గాయి. ఆనాడు వేరే పనిమీద వచ్చి కూర్చున్న ఒక రిటైరైన నర్సు ఆ అమ్మాయిని తెర వెనుకకు తీసుకువెళ్లారు. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనేలా త్రిప్పించి, నోరు బాగా తెరిచేదాకా ఆగి, చనుమొన ఒక్కటే కాక దాని చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టించారు. కాసేపటికి గుటకలు వినిపించాయి. డబ్బా పూర్తిగా మానడానికి మూడు వారాలు పట్టింది గాని, దారి దొరికింది ఆ రోజే. నా చూర్ణం చేయలేని పని అది.

బిడ్డ స్పర్శ, దర్శనం, స్మరణ వలన స్తన్యం స్రవిస్తుందనీ, కోపశోకాల వలన తగ్గిపోతుందనీ సుశ్రుతుడు ఏనాడో చెప్పాడు. బిడ్డ చీకడం వలన ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ అనే హార్మోన్లు పనిచేస్తాయనీ, దిగులు పాల విడుదలకు అడ్డుపడుతుందనీ ఆధునిక వైద్యం అంటోంది. రొమ్ము ఖాళీ అయినకొద్దీ పాలు ఊరుతాయి. అటువంటప్పుడు "నీకు పాలు లేవు" అని తెల్లకోటు నోటివెంట వచ్చే మాట ఎంత చేటు చేస్తుందో ఊహించవచ్చు.

కాన్పయిన గంటలోపే, ఆపరేషన్ అయినా సరే, తల్లి మెలకువగా ఉంటే బిడ్డను ఆమె రొమ్ముపై ఉంచాలి. తొలినాడు బిడ్డకు ఒక్కోసారి ఒక చెంచాడు ముర్రుపాలే సరిపోతాయి. ఈ సంగతి ముందుగా, గర్భిణిగా ఉన్నప్పుడే, అత్తగారు కూడా ఉండగా చెప్పాలి. మొదటి రోజులలో బిడ్డ బరువు కాస్త తగ్గి, రెండు వారాలలోగా తిరిగి వస్తుంది. అయిదవ రోజు తర్వాత రోజుకు ఆరు పర్యాయాలైనా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్లే. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా పిల్లల డాక్టరుకు వెంటనే చూపాలి. నిజంగానే పాలు తక్కువైన తల్లులు కొందరుంటారు. థైరాయిడ్ లోపం, కాన్పులో అధిక రక్తస్రావం వంటివి అందుకు కారణం కావచ్చు. వారికి పోతపాలు అవసరమైతే నింద మోపరాదు.

మన దేశంలో 1992లో వచ్చిన చట్టం డబ్బాపాల ప్రకటనలనూ, తల్లులకు ఉచిత నమూనాలు పంచడాన్నీ నిషేధించింది. 2003లో దానిని మరింత గట్టిపరచారు. ఆసుపత్రి గోడమీద ఆ కంపెనీ క్యాలెండరు కూడా వ్రేలాడరాదు.

మన వైపు లోపం కూడా ఒప్పుకోవాలి. పుట్టిన బిడ్డకు తేనె, నెయ్యి నాకించమని ప్రాచీన గ్రంథాలలో ఉంది. తేనెలో ఉండగల బొట్యులిజం క్రిములు ఏడాదిలోపు పసివారికి ప్రాణాంతకం కావచ్చునని తెలిశాక నేను ఆ సలహా మానివేశాను. ముర్రుపాలు పిండి పారబోయడమూ, బాలింతకు మంచినీళ్లు కట్టడి చేయడమూ అంతే తగవు. వెల్లుల్లి, మెంతికూర, మునగాకు భోజనంలో ఉండవచ్చు. పిల్లిపీచర చూర్ణం వైద్యుని సలహాతో పాలలో కలిపి తీసుకోవచ్చు; అయితే బిడ్డ సరిగా చీకనిదే దాని మీద ఆశ పెట్టుకోరాదు.

మా వైద్యశాలలో తెర వెనుక ఇప్పుడు ఒక కుర్చీ, రెండు దిండ్లు ఉంటాయి. పాలకు మందు అడిగిన వారిని ముందుగా అక్కడ కూర్చోబెట్టి నర్సు చేత చూపిస్తాను. మందు చీటీ ఆ తర్వాతే.