మోకాలి లోతు నీటిలో పడవ

దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్.బి. నగర్‌లోనో ఉండే మీకు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అంతమాత్రాన పడవ సంగతి మనకెందుకు అనుకోకండి. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదులో కుండపోతగా వాన కురిసింది. సరూర్‌నగర్ చెరువు పరిసరాలలోని పల్లపు కాలనీలు నీట మునిగాయి. నగరంలో పలుచోట్ల ఇళ్లలో చిక్కుకున్నవారిని పడవల మీద బయటికి తేవలసి వచ్చింది. వీధిలో నీరు ఒకచోట మోకాలి లోతు ఉంటే, మరొకచోట నడుము లోతు ఉంటుంది. అలాంటి నీటిలో అన్ని పడవలూ నడవవు. మరి ఏ పడవ నడుస్తుంది? ఎందుకు నడుస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు బాగా తెలిసినవారు, లోతు లేని ఉప్పునీటిలో చేపలు పట్టేవారు. వారినుంచి ఈ పాఠం నేర్చుకుందాం.

లోతు లేని నీటిలో చేపలెందుకు?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే దారి పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. మన దేశంలో చిలికా తరువాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. శీతకాలంలో అక్కడ రాజహంసలు నీటిలో నిలబడి మేత మేస్తుంటాయి. పక్షి నిలబడగలిగిందంటే నీరెంత తక్కువో మీరే ఊహించండి! చాలాచోట్ల మీటరు లోతు కూడా ఉండదు. వానాకాలంలో కాళంగి వంటి ఏళ్ల మంచినీరు వచ్చి ఉప్పదనం తగ్గుతుంది. వేసవిలో నీరు ఆవిరై ఉప్పదనం పెరుగుతుంది.

లోతు తక్కువ కనుక ఎండ అడుగుదాకా చేరుతుంది. అడుగున నాచు, నీటి మొక్కలు పెరుగుతాయి. వాటిని ఆశ్రయించి రొయ్యలు, పీతలు, చిన్న చేపలు బతుకుతాయి. వాటిని తినడానికి పండుగప్ప వంటి పెద్ద చేపలు వస్తాయి. చేపలు పట్టేవారు వాటి వెంట వస్తారు.

మన జాలరులు ఇలాంటి చోట్ల అడుగు చదునుగా ఉన్న నావలను వెదురు గెడతో నెట్టుకుంటూ పోతారు. అమెరికాలో ఫ్లోరిడా, టెక్సస్ తీరాలలో ఇటువంటి నీటిలోనే కయాక్ అనే సన్నని చిన్న పడవలో కూర్చుని గాలం వేస్తారు. కయాక్ ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజల పడవ. కొయ్యతోగాని, తిమింగలం ఎముకతోగాని చట్రం కట్టి, దానిపై సీలు చర్మం బిగించేవారు. మన కృష్ణానదిలో తిరిగే పుట్టి కూడా దాదాపు ఇలాంటిదే. వెదురు బద్దలతో అల్లిన గుండ్రని బుట్టకు పూర్వం తోలు తొడిగేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తారు. సుమారు 1520లో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా తోలు కప్పిన ఇలాంటి బుట్ట పడవలను వర్ణించాడు.

పడవ ఎంత మునుగుతుంది?

ఆర్కిమెడిస్ సూత్రం మీరు చదువుకున్నదే. తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని తొలగిస్తుంది. ఇప్పుడొక లెక్క చేద్దాం.

కయాక్, అందులోని మనిషి, సామాను కలిపి 96 కిలోలు అనుకోండి. మంచినీరు ఒక లీటరు ఒక కిలో తూగుతుంది. కాబట్టి ఈ పడవ 96 లీటర్ల నీటిని తొలగించాలి. అంటే 0.096 ఘనపు మీటర్లు. పడవ అడుగు చదునుగా ఉండి, దాని వైశాల్యం 1.6 చదరపు మీటర్లు అయితే, అది మునిగే లోతు:

0.096 ÷ 1.6 = 0.06 మీటరు, అంటే 6 సెంటీమీటర్లు.

మీ అరచేతి వెడల్పు కంటే తక్కువ! అదే బరువును 0.4 చదరపు మీటర్ల వైశాల్యం మాత్రమే ఉన్న ఇరుకు పెట్టెలో ఉంచితే అది 24 సెంటీమీటర్లు మునుగుతుంది. బరువు మారలేదు, పరచుకున్న చోటు మారింది, అంతే. మోకాలి లోతు వరదలో రాయి, మెట్టు, గేటు గడప తగలకుండా సాగాలంటే వెడల్పైన చదును పడవే కావాలి.

ఉప్పు ఎంత సాయం చేస్తుంది?

“ఉప్పునీటిలో తేలిక కదా, అందుకే అక్కడ పడవ పైకి ఉంటుంది” అని మీలో కొందరు అనవచ్చు. లెక్క చూద్దాం. సముద్రపు నీరు ఒక లీటరు సుమారు 1.025 కిలోలు తూగుతుంది. మన కయాక్ అందులో 6 ÷ 1.025, అంటే సుమారు 5.85 సెంటీమీటర్లు మునుగుతుంది. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు! ఉప్పు సాయం చేసేమాట నిజమే గాని, అది చాలా కొద్ది. అసలు సాయం చేసేది ఆకారమే.

ఎందుకు కూర్చోవాలి?

పుట్టి ఎక్కగానే నడిపే ఆయన, “కూర్చో బాబూ, లేవకు” అంటాడు. ఆ మాట వెనుక శాస్త్రం ఉంది. కూర్చుంటే పడవ, మనిషి కలిసిన గరిమనాభి కిందికి దిగుతుంది. పడవ కొద్దిగా వాలినపుడు వాలిన వైపు ఎక్కువ మునిగి, నీరు అటునుంచి పైకి నెడుతుంది. పడవ తిరిగి సరి అవుతుంది. మనిషి లేచి నిలబడితే గరిమనాభి పైకి పోతుంది. అప్పుడు కొద్దిపాటి వాలు చాలు, బరువు పక్కకు జరిగి పడవ బోల్తా కొడుతుంది.

పుట్టి గుండ్రం కనుక ఒకవైపే తెడ్డు వేస్తే గిరగిర తిరుగుతుంది. కయాక్ పొడవుగా ఉండటంవల్ల అంత సులభంగా తిరగదు. అయినా రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో కుడి, ఎడమలు మార్చి వేస్తారు.

ఇంకొక సంగతి. నీటిలో ధ్వని గాలిలోకంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. చేప ఒంటిపక్కన ఉండే పార్శ్వరేఖ నీటి కదలికలను పసిగడుతుంది. పడవలో డబ్బా దొర్లితే చాలు, చేపలు చెదిరిపోతాయి. అందుకే అనుభవమున్నవారు తెడ్డును చప్పుడు కాకుండా దించుతారు.

ఆటు సమయం

సముద్రతీరాన పోటు సమయంలో నీరు పైకి వస్తుంది, ఆటు సమయంలో వెనక్కి పోతుంది. పోటుతో లోపలికి వెళ్లిన పడవ వేళ మరచిపోతే, నీరు తగ్గి బురదలో కూరుకుపోతుంది. దిగి నడుద్దామంటే కాలు దిగబడుతుంది. ఎందుకంటే బరువంతా పాదమంత చోటులోనే పడి ఒత్తిడి పెరుగుతుంది. అందుకే జాలరులు పడవలోనే ఉండి మళ్లీ పోటు వచ్చేదాకా ఆగుతారు. వలకంటే ముందు వేళ చూసుకోవాలన్నమాట!

మీరే చేసి చూడండి

అడుగు చదునుగా, 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు డబ్బా తీసుకోండి. అడుగు వైశాల్యం సుమారు 78.5 చదరపు సెంటీమీటర్లు. డబ్బాతో కలిపి 157 గ్రాములు తూగేలా ఇసుక పోసి, నీళ్లున్న గిన్నెలో వదలండి. అది 2 సెంటీమీటర్లు మునగాలి. డబ్బాకు స్కేలు ఆనించి కొలవండి. తరువాత లీటరు నీటికి 300 గ్రాముల ఉప్పు కరిగించి మళ్లీ చూడండి. సుమారు 3 మిల్లీమీటర్లు పైకి తేలుతుంది. సముద్రంలో ఉన్నట్లు లీటరుకు 35 గ్రాములే కలిపితే తేడా మీ కంటికి ఆనుతుందా?

ఇక ఒక హెచ్చరిక. ఈ ప్రయోగం గిన్నెతోనే ఆగాలి. చెరువులో గాని, వరద నీటిలో గాని సొంతంగా తెప్ప కట్టి దిగకండి. వరద అడుగున తెరిచి ఉన్న మ్యాన్‌హోలు పైకి కనబడదు. మనిషి శరీర సాంద్రత దాదాపు నీటి సాంద్రతే. అందుకే తల నీటిపైన నిలవడానికి కొద్ది అదనపు బలం చాలు. లైఫ్ జాకెట్ ఇచ్చేది ఆ కొద్ది బలమే. ఎప్పుడైనా సహాయక పడవ మీ వీధిలోకి వస్తే జాకెట్ తొడుక్కోండి, ఒక్కొక్కరే ఎక్కండి, ఎక్కగానే పడవ అడుగున కూర్చోండి. ఎందుకు కూర్చోవాలో మీ తమ్ముడికి, చెల్లికి మీరే చెప్పగలరు కదా!