మోకాళ్ల మీంచి లేచాక

ఉజ్జీవ కూటంలో పాట జోరందుకున్నప్పుడు కళ్లు చెమరుస్తాయి, చేతులు వాటంతటవే పైకి లేస్తాయి, దేవుడు పక్కనే నిలబడ్డాడనిపిస్తుంది. మర్నాడు పొద్దున బిందె పట్టుకుని నల్లా దగ్గరికి వెళ్లేసరికి ఆ అనుభూతి జాడ ఉండదు. ‘ఎంత ప్రార్థించినా దేవుడు దూరంగానే ఉన్నట్టుంది’ అని చాలామంది విశ్వాసులు లోలోపల కుమిలిపోయేది అప్పుడే. ఈ బాధను తేలిగ్గా తీసిపారేయకూడదు. అలాగని కన్నీళ్లను కొలబద్ద చేసుకోకూడదు. దేవుడికి మనం ఎంత దగ్గరయ్యామో మోకాళ్ల మీంచి లేచాక ఇంట్లో, పొలంలో, బజారులో మనం మెలిగే తీరు చెబుతుంది.

వేళ తప్పని అలవాటు

ఖమ్మం జిల్లా బోనకల్ చుట్టుపక్కల మిర్చి కోతల రోజుల్లో ఆడవాళ్లకు ఊపిరి సలపదు. చీకటితోనే లేచి వంట చేసి, సద్ది కట్టుకుని, కూలీల ఆటో అందుకోవాలి. రోజంతా కాయ కోసిన వేళ్లు రాత్రి అన్నం కలుపుకుంటుంటే కూడా మండుతూనే ఉంటాయి. ఇలాంటి మనిషికి గంటసేపు ఏకాంత ప్రార్థన చేయమని చెప్పడం సులువు, చేయడం కష్టం. పొయ్యి వెలిగించకముందు పది నిమిషాలు చాలు. అయితే ఆ పది నిమిషాలూ రోజూ ఉండాలి.

మార్కు సువార్త మొదటి అధ్యాయం చూడండి. పొద్దుగుంకాక కూడా రోగులు ఇంటి ముందు గుంపుకట్టిన రోజది. ఆ మర్నాడే యేసు ఇంకా చీకటి ఉండగా లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థించాడు. పని తగ్గాక ప్రార్థన చేద్దామని ఆయన ఆగలేదు.

అలవాటైన ప్రార్థన మనిషిని ఎలా నిలబెడుతుందో దగ్గర్లోనే చూడొచ్చు. బోనకల్ స్టేషన్‌లో వరంగల్ వైపు రైలెక్కితే ఖమ్మం దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. వి.ఎస్. అజరయ్య తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని సేవ చేసిన చోటది. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. ఆయన సంఘాల్లో ఎక్కువమంది అక్షరం ముక్క రాని వ్యవసాయ కూలీలు. ప్రభువు నేర్పిన ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం వాళ్లు విని, పలికి, కంఠతా పట్టారు. కంఠతా వచ్చిన ప్రార్థన యాంత్రికమని కొందరంటారు. కానీ బిడ్డ ఆసుపత్రిలో ఉన్న రాత్రి సొంత మాట ఒక్కటీ నోటికి రాదు. అప్పుడు ఆదుకునేది ఏళ్ల తరబడి పలికిన ఆ ప్రార్థనే.

ఉన్నదున్నట్టు చెప్పుకోవడం

మన ప్రార్థనల్లో అలవాటైన మాటలు వరసగా దొర్లిపోతుంటాయి. అసలు సంగతి మాత్రం గుండెల్లోనే ఉండిపోతుంది. కీర్తనల గ్రంథంలోని నూట యాభై కీర్తనల్లో మొర, ఫిర్యాదు, భయం, కోపం ఎన్నిచోట్ల ఉన్నాయో గమనించండి. దేవుడు తనను మరిచిపోయాడేమోనని అడిగినవాడి మాట కూడా లేఖనంలో చోటు సంపాదించుకుంది. కాబట్టి ‘ప్రభువా, అప్పు తీర్చే దారి కనబడక నిద్ర పట్టడం లేదు’ అని చెప్పండి. ‘మా తమ్ముడి మొహం చూడబుద్ధి కావడం లేదు’ అని కూడా చెప్పండి. దేవుడి ముందు నటన మానేసిన మనిషికి మనుషుల ముందు నటించాల్సిన అవసరం క్రమంగా తగ్గిపోతుంది. ఏ శిక్షణ తరగతీ ఇవ్వలేని ధైర్యం ఇది.

పాట తర్వాత మౌనం

తెలుగు క్రైస్తవుణ్ని దేవుడి దగ్గరికి నడిపించిన దారి పాట. పురుషోత్తమ చౌదరి (1803–1890) మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలు రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో అవి ఈనాటికీ ఉన్నాయి. చదువు రాని అవ్వ కూడా ఒక్క పదం పొల్లుపోకుండా చరణాలన్నీ పాడుతుందంటే, సిద్ధాంతం ఆమెకు పాటగా అందిందన్నమాట. ఆదివారం పాడిన పల్లవిని సోమవారం చేలో కూనిరాగంగా పాడుకునే మనిషికి ఆరాధన గుడి తలుపుల దగ్గర ఆగిపోదు.

పాట అయ్యాక కాసేపు మౌనం కావాలి. 1938లో బైబిల్ మిషన్‌ను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు దేవుని సన్నిధిలో కనిపెట్టడాన్ని, అంటే మౌనంగా ఎదురుచూడటాన్ని, విశ్వాసులకు నేర్పారు. మనం అడగాల్సినవన్నీ అడిగేసి ఆమేన్ అని లేచిపోతే, వినే సమయం ఎక్కడ మిగిలింది? ఏలీయాకు హోరేబు కొండ మీద దేవుడు పెనుగాలిలో, భూకంపంలో, అగ్నిలో కనబడలేదు. అవన్నీ సద్దుమణిగాక మెల్లని స్వరం వినిపించింది. సౌండ్ బాక్సుల హోరుకు అలవాటుపడిన చెవులకు ఈ సంగతి మళ్లీ మళ్లీ గుర్తుచేయాలి. ఫోను పక్క గదిలో పెట్టి, ఐదు నిమిషాలు ఏమీ అడగకుండా కూర్చోండి. మొదట్లో మనసు పరిపరివిధాల పోతుంది. పోయిన ప్రతిసారీ వెనక్కి తెచ్చుకోవడమే అప్పటి ప్రార్థన.

ఏమీ అనిపించని రోజులు

ఇవన్నీ చేసినా మనసు ఎండిపోయిన రోజులు వస్తాయి. అది విశ్వాసం పోయిందనడానికి రుజువు కాదు. మదర్ తెరిసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చినప్పుడు లోకం నివ్వెరపోయింది. దశాబ్దాల పాటు ఆమెకు దేవుని సాన్నిధ్యం అనుభవంలోకి రాలేదని వాటివల్ల తెలిసింది. అయినా ఆమె ప్రార్థన మానలేదు, కలకత్తా వీధుల్లో దిక్కులేనివారిని చేరదీయడం మానలేదు. అనుభూతి వచ్చినా రాకపోయినా వేళకు మోకరించడంలోనే నమ్మకం గట్టిపడుతుంది.

పొరుగువాడే పరీక్ష

అజరయ్య 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడారు. భారతీయుల కోసం మీరు త్యాగాలు చేశారు, అవి చాలవు, మాకు స్నేహితులు కావాలి అని పాశ్చాత్య మిషనరీలకు మొహం మీదే చెప్పారు. సేవ చేస్తూ కూడా పక్కవాణ్ని సమానుడిగా చూడకపోతే ఆ భక్తిలో వెలితి ఉన్నట్టేనని ఆయన వేదన. డోర్నకల్ పల్లెల్లో మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వెళ్లగొట్టాలని ఆయనే బోధించారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన అక్కడి ఎపిఫనీ కెథడ్రల్‌లో హిందూ గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు కలిసి కనిపిస్తాయి. పొరుగువాడి కళను పరాయిదనుకోని ఆరాధన అది.

కానుక తెచ్చినవాడికి సహోదరుడితో తగవు గుర్తొస్తే, కానుకను బలిపీఠం ముందే వదిలి, ముందు వెళ్లి సమాధానపడమని కొండమీది ప్రసంగంలో యేసు ఆజ్ఞాపించాడు. గట్టు తగాదా ఏళ్లుగా నడుస్తుండగా, అత్తాకోడళ్ల మధ్య మాటలు లేకుండా, ఒకే మందిరంలో ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు కూర్చుని చేతులెత్తితే ఆ ఆరాధన అసంపూర్ణమే.

రేపు పొద్దున పది నిమిషాలు కేటాయించండి. ఒక పాట పాడండి, మనసులో ఉన్నదున్నట్టు చెప్పండి, కాసేపు మౌనంగా కనిపెట్టండి. మీరు మాట్లాడటం మానేసిన ఒక మనిషి పేరు చెప్పి ప్రార్థించండి. లేచాక ఆ మనిషి గడప తొక్కండి. దేవుడికి దగ్గరయ్యే దారి ఆ గడప మీదుగానే వెళ్తుంది.