కుడి రూపమా, ఎడమ రూపమా: కార్బన్ బంధం ఏరి కట్టడం ఎలా?

రెండు కార్బన్లను కలపడం పెద్ద కష్టమేమీ కాదు. కావలసిన రెంటినే కలపాలి, కుడి ఎడమ రూపాల్లో ఒకటే రావాలి అన్నప్పుడే తంటా. నేర్చుకోవడానికి మంచి చర్య ఆల్డాల్: ఒక అణువులో కార్బొనిల్ పక్కనున్న కార్బన్‌ను ఇంకో అణువు కార్బొనిల్‌కు కలపడం. 2000లో బెంజమిన్ లిస్ట్, రిచర్డ్ లెర్నర్, కార్లోస్ బార్బాస్ చూపిన పద్ధతిలో లోహంతో పనిలేదు. మన ప్రొటీన్లలో ఉండే ప్రోలిన్ అనే అమైనో ఆమ్లమే ఉత్ప్రేరకం. (లిస్ట్‌కు 2021లో డేవిడ్ మెక్‌మిలన్‌తో కలిపి నోబెల్ వచ్చింది.)

ముందు జోడీ కుదర్చండి: అసిటోన్, 4-నైట్రోబెంజాల్డిహైడ్. ఈ ఆల్డిహైడ్‌కు కార్బొనిల్ పక్క కార్బన్ మీద హైడ్రోజన్ లేదు, కనుక తనలో తాను ఆల్డాల్ చేసుకోలేదు. నైట్రో సమూహం ఎలక్ట్రాన్లను లాగడంతో చురుగ్గా ఉంటుంది. టీఎల్‌సీ ప్లేటు మీద యూవీ దీపం కింద కనబడుతుంది కూడా. మొండి జోడీతో మొదలుపెట్టి నెలలు పోగొట్టుకోకండి.

తర్వాతిది తొందరలో అందరూ దాటేసే మెట్టు. ఎల్-ప్రోలిన్ సీసా తెరవకముందే డీఎల్-ప్రోలిన్‌తో ఒకసారి చేయండి. రెండు రూపాలూ సగం సగం వస్తాయి. వాటిని కైరల్ కాలమ్ ఉన్న హెచ్‌పీఎల్‌సీలో పెట్టి, రెండు పీకులు విడిపోయేదాకా ద్రావణి పాళ్లు మార్చండి. ఇది లేకుండా తర్వాత ఒకే పీకు చూసి మురిసిపోతే, అందులో రెండూ దాక్కుని ఉండొచ్చు.

ఇక అసలు చర్య. ఫ్యూమ్ హుడ్‌లో, గ్లౌజులు వేసుకుని, 8 మి.లీ. డీఎంఎస్‌ఓ, 2 మి.లీ. అసిటోన్‌లో 151 మి.గ్రా. ఆల్డిహైడ్, సుమారు 35 మి.గ్రా. ఎల్-ప్రోలిన్ వేసి గది ఉష్ణోగ్రతలోనే కలియబెట్టండి. పక్కనే ప్రోలిన్ లేని ఫ్లాస్కు ఒకటి నడపండి. ఆల్డిహైడ్ మచ్చ మాయమయ్యాక అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో ఆపి, ఇథైల్ అసిటేట్‌లోకి తీయండి.

లిస్ట్ బృందానికి వచ్చింది 68 శాతం దిగుబడి, 76 శాతం ఈఈ (ఒక రూపం రెండోదాన్ని మించిన శాతం). అంటే ఒక రూపం 88 పాళ్లు, రెండోది 12. మిగతా సరుకు ఎటు పోయింది? శుద్ధి చేసే కాలమ్ వేయకముందే ముడి మిశ్రమం ఎన్‌ఎంఆర్ తీయండి. నీరు వదిలేసి ఈనోన్‌గా మారిన భాగం ఆల్కీన్ సంకేతాలతో పట్టుబడుతుంది. నా మటుకు దిగుబడి అంకె కన్నా ఈ ముడి ఎన్‌ఎంఆరే ఎక్కువ చెబుతుంది.

ఆపైన ద్రావణి, ఉష్ణోగ్రత, ఉత్ప్రేరకం: ఒకసారికి ఒక్కటే మార్చండి. ప్రోలిన్‌లోని ఆమ్లాన్ని అమైడ్‌గా మారిస్తే చర్య దాదాపు ఆగిపోతుంది. ప్రోలిన్ అమీన్ అసిటోన్‌ను ఈనమైన్‌గా మారిస్తే, ఆ ఆమ్లపు ప్రోటానే ఆల్డిహైడ్‌ను ఒకవైపు తిప్పి పట్టుకుంటుంది మరి.

చివరగా ఆల్డిహైడ్‌లు మార్చి చూడండి. ఐసోబ్యూటిరాల్డిహైడ్‌తో ఆ బృందానికి 97 శాతం దిగుబడి, 96 శాతం ఈఈ వచ్చాయి. పెంటనాల్ లాంటి కొమ్మల్లేని వాటితో మాత్రం ఆ పద్ధతి పారలేదు. అవి తమలో తామే కలిసిపోగలవు. మీ పట్టికలో ఆ వరుసను కొట్టేయకండి, మరుసటి వారం పని అక్కడే ఉంది.