ఈసా (అలైహిస్సలాం) పేరు ఊతపదమా?

ఇంగ్లీషు సినిమాలు, సీరియళ్ళు చూసేవారి చెవిన తరచూ పడే మాట ఒకటుంది. పాత్రకు కోపం వచ్చినా, కాలు జారినా, ఎదురుగా కారు దూసుకొచ్చినా, చివరికి చేతిలోని కాఫీ ఒలికినా నోటివెంట వచ్చేది "జీసస్ క్రైస్ట్!" అనే మాటే. అది ప్రార్థన కాదు, మొర అంతకన్నా కాదు. తిట్టుమాట పడవలసిన చోట ఒక మహనీయుని పేరును పడేస్తున్నారు. దానికి ముందో వెనకో ఒక బూతు చేర్చి నవ్వించే రచయితలు కూడా ఉన్నారు.

ఒకప్పుడు ఈ సినిమాలు పెద్ద నగరాల థియేటర్లకే పరిమితం. కేబుల్ టీవీతో అవి నిజామాబాద్ ఇళ్ళలోకి వచ్చాయి. సెల్‌ఫోన్‌తో బోధన్ చుట్టుపక్కల చెరకు పండించే పల్లెల్లోకీ వచ్చేశాయి. ఇంగ్లీషు మీడియం చదివే మన పిల్లలు ఆ మాటను అర్థం తెలియకుండానే పట్టేస్తున్నారు. మార్కులు తగ్గితే "జీసస్!", ఆటలో ఔటైతే "జీజ్!" అంటున్నారు. ఈ "జీజ్" అన్నది కూడా ఆ పేరును కత్తిరించి చేసుకున్న ముక్కే. పెద్దలు విని ఊరుకుంటారు. "అది క్రైస్తవుల పేరు కదా, మనకేం?" అనుకుంటారు. ఈ నెల పాఠంలో మనం పరిశీలించవలసింది ఈ "మనకేం" అనే మాటనే.

ఆ పేరు ఎవరిది?

"జీసస్" అంటే మనం ఈసా (అలైహిస్సలాం) అని పిలుచుకునే ప్రవక్తే. మరి "క్రైస్ట్"? అది గ్రీకు భాష నుంచి వచ్చిన మాట. అభిషిక్తుడు అని దాని అర్థం. హీబ్రూలో మెస్సీయ అన్నా, అరబ్బీలో మసీహ్ అన్నా అదే బిరుదు. అంటే సినిమాలో ఒకడు చిరాకుపడి "జీసస్ క్రైస్ట్" అన్నప్పుడు అతని నోట పడినవి రెండూ దివ్యఖుర్ఆన్‌లో ఉన్న పేర్లే: ఈసా, మసీహ్.

దివ్యఖుర్ఆన్‌లో ఈసా (అ) పేరు 25 సార్లు వస్తుంది. మసీహ్ అనే బిరుదు 11 సార్లు వస్తుంది. ఆయన తల్లి హజ్రత్ మర్యమ్ (అ) పేరు 34 సార్లు వస్తుంది. ఖుర్ఆన్‌లో పేరుతో ప్రస్తావించబడిన స్త్రీ ఆమె ఒక్కరే. 98 ఆయతులున్న ఒక సూరాకు ఆమె పేరే ఉంది. దైవదూతలు మర్యమ్ (అ)కు శుభవార్త వినిపించిన సందర్భంలో ఆ బిడ్డ పేరును అల్లాహ్ స్వయంగా తెలియజేశాడు. అతను ఇహలోకంలోనూ పరలోకంలోనూ గౌరవనీయుడని కూడా ప్రకటించాడు (3:45).

ఒక్క క్షణం ఆలోచించండి. ఇహపరాలు రెండింటిలోనూ గౌరవం ఉందని సృష్టికర్త ప్రకటించిన వ్యక్తి పేరు మన ఇంటి హాలులో, మన పిల్లల ఎదుట, తిట్టుగా మోగుతోంది. అది మనకేం కాదా?

ప్రవక్తల మధ్య భేదం చూపకపోవడం మన విశ్వాసంలోని భాగం (2:136, 2:285). ఒక ప్రవక్తను ప్రేమించి మరొక ప్రవక్త పేరు పట్ల ఉదాసీనంగా ఉండడం ఈమాన్ లక్షణం కాదు. ఈసా (అ)కు అందరికన్నా తాను సన్నిహితుడనని, ప్రవక్తలందరూ ఒకే తండ్రి బిడ్డల వంటి సోదరులని, వారి ధర్మం ఒక్కటేనని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. ఈ హదీసు బుఖారీలో ఉంది. అన్న పేరు తీసి ఎవరైనా తిడితే తమ్ముడి ఇంట్లోవారు నవ్వుతూ కూర్చుంటారా?

నజాషీ కొలువులో

మక్కా ప్రజల హింసలు భరించలేక కొందరు సహాబాలు అబిసీనియాకు వలసపోయిన సంగతి మనకు తెలిసిందే. వారిని తిరిగి అప్పగించమని ఖురైషీయుల ప్రతినిధులు ఆ దేశ క్రైస్తవ రాజు నజాషీని అడిగారు. ముస్లిముల పక్షాన మాట్లాడిన జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) అప్పుడు చదివి వినిపించినది సూరా మర్యమ్ తొలి భాగం. అది విని రాజు గడ్డం తడిసేలా ఏడ్చాడని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించారు. ఈసా (అ) గురించి మీరేమంటారని మర్నాడు గుచ్చి అడిగినప్పుడు కూడా జాఫర్ (రజి) ఉన్నది ఉన్నట్టే చెప్పారు. ఆయన అల్లాహ్ దాసుడు, ప్రవక్త అని స్పష్టం చేశారు. విశ్వాసంలో ఉన్న తేడాను దాచలేదు, గౌరవాన్నీ తగ్గించలేదు.

క్రైస్తవ సోదరులతో మన సంబంధానికి ఇదే కొలమానం. ఈసా (అ)ను దేవుని కుమారుడని మనం అంగీకరించము. కానీ ఆయన పేరును గౌరవించడంలో ఎవరికీ తీసిపోకూడదు.

సినిమావారికీ ఒకప్పుడు తెలుసు

ఈ మాటల వాడకం తప్పని మనం ఈరోజు కొత్తగా కనిపెట్టడం లేదు. ఇంగ్లండ్‌లో 1606లోనే ఒక చట్టం చేశారు. నాటకాల్లో దేవుని పేరు, ఏసుక్రీస్తు పేరు పరిహాసానికి వాడితే 10 పౌండ్ల జరిమానా విధించేవారు. అమెరికా సినీ నిర్మాతల సంఘం 1927లో తెరపై చూపకూడనివాటి జాబితా ఒకటి తయారుచేసింది. అందులో మొదటి అంశమే ఇది: దేవుడు, ప్రభువు, జీసస్, క్రైస్ట్ అనే పేర్లు భక్తితో, మతపరమైన సందర్భంలో తప్ప వాడరాదు. 1930లో రాసుకుని 1934 నుంచి గట్టిగా అమలుచేసిన నియమావళిలోనూ ఈ నిషేధం కొనసాగింది. 1968లో దాన్ని తీసేసి, వయసును బట్టి సినిమాలను వర్గీకరించే పద్ధతి తెచ్చారు. ఆ తరువాత కట్టు తెగింది.

గమనించవలసిన విషయం ఏమిటంటే, ఆ నిషేధం ఉన్న రోజుల్లోనూ సినిమాలు వచ్చాయి, జనం చూశారు, మెచ్చుకున్నారు. కథ చెప్పడానికి ఈ తిట్టు అవసరం లేదన్నమాట. బైబిలు పది ఆజ్ఞల్లోనూ దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించరాదన్న ఆజ్ఞ ఉంది. అంటే తమ గ్రంథం వద్దన్న పనినే ఆ సమాజాలు వినోదంగా మార్చుకున్నాయి. వారు పోగొట్టుకున్న మర్యాదను మనం అరువు తెచ్చుకోవాలా?

2006 నాటి అనుభవం

ఈ విషయంలో మన రాష్ట్రానికీ ఒక అనుభవం ఉంది. "ది డావిన్సీ కోడ్" అనే ఇంగ్లీషు చిత్రం 2006లో విడుదలైంది. ఈసా (అ)కు వివాహమైందని, సంతానం కలిగిందని కల్పించిన కథ అది. ముంబాయిలో ముస్లిం పండితులు కూడా క్రైస్తవులతో గొంతు కలిపి అభ్యంతరం తెలిపారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ చిత్ర ప్రదర్శనను నిషేధించింది. అదే జూన్ నెలలో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది.

ఒక ప్రవక్త గౌరవం కోసం ముస్లిములు క్రైస్తవుల పక్కన నిలబడడం మంచి సంగతే. కానీ ఆలోచించవలసినది వేరొకటి ఉంది. నిషేధాలు వస్తాయి, పోతాయి. ఏడాదికో సినిమా మీద అభ్యంతరం చెప్పి, మిగతా రోజులన్నీ అదే పేరును తిట్టుగా వాడే సినిమాలు ఇంట్లో నడుస్తుంటే మన అభ్యంతరానికి విలువేముంది? కోర్టు అడ్డుకోని మాటను కూడా రిమోట్ పట్టుకున్న చేయి ఆపగలదు. అల్లాహ్ మనను అడిగేది ఆ చేతి గురించే.

మన నవ్వుల్లో ఉన్న తప్పు

ఇంగ్లీషు సినిమాలనే ఎందుకనాలి? తెలుగు కామెడీ సన్నివేశాల్లో పాస్టర్ వేషం వేసి, గొంతు వణికిస్తూ "ప్రభువా", "హల్లెలూయా" అని నవ్వించడం మామూలైపోయింది. "హల్లెలూయా" అంటే దేవుణ్ణి స్తుతించండి అని అర్థం. ఆ స్తుతి మాటతో చేసిన వేళాకోళానికి మనమూ నవ్వుతున్నాము. ఆ వీడియోను నలుగురికీ పంపుతున్నాము.

ఒక వర్గంవారు మరో వర్గాన్ని ఎగతాళి చేయరాదని, బహుశా వారే వీరికన్నా మేలైనవారు కావచ్చని అల్లాహ్ హెచ్చరించాడు (49:11). బహుదైవారాధకులు అల్లాహ్‌ను వదలి మొరపెట్టుకునేవాటిని సైతం దూషించవద్దని, అలా చేస్తే వారు తెలియక అల్లాహ్‌నే దూషిస్తారని బోధించాడు (6:108). అసత్య దైవాల విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పినప్పుడు, సత్య ప్రవక్త పేరు విషయంలో ఎంత జాగ్రత్త కావాలి! ఒక వ్యక్తి తన తల్లిదండ్రులను తానే తిట్టుకోవడం మహాపాపమని దైవప్రవక్త (స) అన్నప్పుడు, అదెలా సాధ్యమని సహాబాలు అడిగారు. ఇతరుల తల్లిదండ్రులను తిడితే వారు తిరిగి అతని తల్లిదండ్రులను తిడతారని ఆయన (స) వివరించారు. మనం ఒకరి పవిత్ర నామాన్ని చూసి నవ్వితే, రేపు మన ప్రవక్త (స) పేరును ఎవరైనా నవ్వులాటకు వాడినప్పుడు ఏ నోటితో బాధపడతాము?

మన జిల్లా సంగతి కూడా గుర్తుచేసుకుందాం. 1937లో ఏర్పడిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. అది నడిచిన రోజుల్లో అన్ని మతాలవారూ ఒకే గేటులో నుంచి డ్యూటీకి వెళ్ళేవారు. నిజామాబాద్ పక్కనే ఉన్న డిచ్‌పల్లిలో ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇసబెల్ కెర్ అనే క్రైస్తవ వైద్యురాలు కుష్ఠు రోగుల ఆసుపత్రిని నెలకొల్పారు. అందరూ వెలివేసిన రోగులకు ఆమె సేవ చేసింది ఈసా (అ) పేరు మీదనే. ఆ పేరు మన పొరుగువారికి ఎంత ప్రియమైనదో తెలియడానికి ఇంతకన్నా ఏం కావాలి?

రెండు సందేహాలు

మొదటిది: "ఊరికే అలవాటుగా అంటారు, ఉద్దేశం ఏమీ ఉండదు కదా?" అనాలోచితంగా దొర్లే ప్రమాణాల విషయంలో అల్లాహ్ పట్టుకోనన్న మాట నిజమే (2:225). అర్థం తెలియని పిల్లవాడు అన్న మాటకు అతన్ని ధర్మభ్రష్టుడని ఎవరూ అనరు. అయితే తెలిశాక కూడా వదలకపోవడం వేరు. మేము సరదాకు అన్నామంతే అన్న కపటుల సాకును అల్లాహ్ అంగీకరించలేదు (9:65-66). మీరు తేలికగా తీసుకున్నారు, కాని అల్లాహ్ దృష్టిలో అది ఘోరమైనదని మరో సందర్భంలో హెచ్చరించాడు (24:15). మనిషి లక్ష్యపెట్టకుండా అనే ఒక్క మాట అతన్ని నరకంలోకి దించవచ్చని బుఖారీ హదీసు చెబుతోంది.

రెండవది: "అనేది వాళ్ళు, మేము వింటున్నామంతే." అల్లాహ్ వాక్యాలను పరిహసించే చోట, వారు మాట మార్చేవరకు వారితో కూర్చోవద్దని, కూర్చుంటే మీరూ వారివంటివారే అవుతారని దివ్యఖుర్ఆన్ చెప్పింది (4:140). సోఫాలో కూర్చున్నా కూర్చున్నట్టే.

ఏం చేయాలి?

1. పిల్లవాడి నోట ఈ మాట వినిపిస్తే చెంప మీద కొట్టకండి. దగ్గర కూర్చోబెట్టుకుని, "బేటా, ఇది ఎవరి పేరో తెలుసా?" అని అడగండి. ఊయలలో మాట్లాడిన ఆ పసిబిడ్డ కథ సూరా మర్యమ్ (19:27-33) నుంచి వినిపించండి. ఆ కథ హృదయంలో నాటుకున్న పిల్లవాడి నోట ఆ పేరు తిట్టుగా రాదు.

2. ఆశ్చర్యం కలిగితే సుబ్హానల్లాహ్ అనడం, కష్టం వస్తే ఇన్నా లిల్లాహ్ అనడం అమ్మీ, అబ్బా ముందుగా పాటించి చూపాలి. నోట ఒక మాట తీసేస్తే ఆ చోట మరో మాట పెట్టాలి.

3. సినిమాలు, సిరీస్‌లు చూపే ఆన్‌లైన్ సంస్థలు 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ప్రతి చిత్రానికీ వయసు వర్గం చూపాలి, పిల్లల కోసం తాళం వేసుకునే వీలు కల్పించాలి. అభ్యంతరాలు తీసుకునే అధికారి ఉండాలి, 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. తాళం వాడండి. అవసరమైతే మర్యాదగల భాషలో ఫిర్యాదు రాయండి. రాళ్ళు, అరుపులు, బెదిరింపులు మన మార్గం కాదు.

4. పాస్టర్ల మీద, ప్రార్థనల మీద చేసిన హాస్యపు వీడియో మీ ఫోనుకు వస్తే అది మీ దగ్గరే ఆగిపోవాలి.

5. చివరిగా మన నోటినీ పరీక్షించుకుందాం. బేరంలో పది రూపాయల కోసం "అల్లా కసమ్", అబద్ధం దాచడానికి "ఖుదా కసమ్" అంటున్నామా? దైవనామాన్ని చులకన చేయడంలో అది కూడా భాగమే.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దలు అంటారు. మన నోట వెలువడే ప్రతి మాటనూ రాసుకునే దూతలు పక్కనే ఉన్నారని దివ్యఖుర్ఆన్ అంటోంది (50:18). ఈసా (అ) మళ్ళీ ఈ లోకానికి వస్తారని విశ్వసించేవాళ్ళం మనం. వచ్చేవారి పేరును ఏ నోటితో పలుకుతున్నామో ఈ రోజే సరిచూసుకుందాం.

ప్రవక్తలందరి పట్ల ప్రేమను మన హృదయాల్లోనూ, వారి పేర్ల పట్ల మర్యాదను మన నాలుకల మీదా అల్లాహ్ నిలుపుగాక! ఆమీన్.