లైబ్రరీ దొరకలేదంటే లినక్సు చెడిపోయినట్లు కాదు

మా ఊళ్లో ప్రతి రైతుకూ విత్తే గొర్రు ఉండదు. ఉన్నవాళ్లను అడిగి తెచ్చుకుంటాం. లినక్సులో ప్రోగ్రాముల పద్ధతీ ఇదే. కిటికీ తెరవడానికి, బొమ్మ గీయడానికి ప్రతి ప్రోగ్రామూ సొంత సరంజామా మోయదు. '.ఎస్ఓ' అనే ఉమ్మడి లైబ్రరీ ఫైళ్లను వాడుకుంటుంది.

ఆ ఫైలు కనబడకపోతే ప్రోగ్రాం మొదలే కాదు. 'లిబ్‌జీఎల్.ఎస్ఓ.1' తెరవలేకపోయానని టెర్మినల్లో ఒక వాక్యం వస్తుంది. అది చూసి కంగారుపడి కొందరు సిస్టమంతా చెరిపి మళ్లీ ఎక్కిస్తారు. దాంతో ప్రాజెక్టు పని కూడా పోతుంది. అంత అవసరమే లేదు.

మొదట 'ఎల్‌డీడీ' అని కొట్టి, ప్రోగ్రాం ఉన్న దారి ఇవ్వాలి. నమ్మకమైన ప్రోగ్రాముకే ఇది వాడాలి సుమా! వచ్చిన పట్టీలో 'నాట్ ఫౌండ్' అని ఉన్నవే మనకు లోటు. డెబియన్, ఉబుంటులలో 'ఏపీటీ-ఫైల్ సెర్చ్' ఆ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో చెబుతుంది. పై ఫైలు 'లిబ్‌జీఎల్1' ప్యాకేజీలో ఉంటుంది. 'సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ లిబ్‌జీఎల్1' అంటే సరి. ప్రోగ్రాం 32 బిట్లదైతే లైబ్రరీ కూడా 32 బిట్లదే కావాలి.

ఎల్‌డీడీ అంతా బాగుందన్నా క్యూటీ ప్రోగ్రాములు ఒక్కోసారి 'ఎక్స్‌సీబీ' దగ్గర ఆగిపోతాయి. ప్లగిన్లను అవి నడక మొదలయ్యాక వెతుక్కుంటాయి గనుక ఆ లోటు పట్టీలో కనబడదు. క్యూటీ 6.5 నుంచి దీనికి 'లిబ్‌ఎక్స్‌సీబీ-కర్సర్0' కూడా ఉండాలి.

పేరు చివరి అంకెను తేలిగ్గా తీసుకోరాదు. వేరే అంకె ఉన్న ఫైలుకు లింకు పెట్టి ఈ పేరు తగిలిస్తే ప్రోగ్రాం మధ్యలో కూలిపోవచ్చు. సాళ్ల ఎడం మారిన చేలో పాత గుంటక తోలితే మొక్కలే లేచిపోతాయి కదా!

కనుక మిత్రులారా, చెరిపే ముందు ఆ వాక్యం చివరిదాకా చదవండి. ఏది లేదో పేరు పెట్టి మరీ అదే చెబుతోంది.